ఫ్రిజ్‌లో చలికాలం

కడప నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను ఒమాన్‌లో, సోహార్‌లో బస్సు కడుగుతున్నాను. పొద్దుటి షిఫ్టు మనుషుల్ని ప్లాంటు గేటు దగ్గర దింపి వచ్చి, టైర్ల మీద నీళ్లు కొడుతున్నాను. ఫోన్‌లో ఆపా కూతురు. ఆపా అంటే అక్క, సొంత అక్క కాదు, ఒకప్పుడు నాతో ఒకే ఇంట్లో పనిచేసిన మనిషి. ఆపా చనిపోయి నెల దాటింది. నలభయ్యో రోజు ఫాతెహాకి చుట్టాలు వస్తారని ఇల్లు సర్దుతున్నారట.

"అంకుల్, మా అమ్మీ ఫ్రిజ్‌లో కింది డబ్బాలో కొబ్బరి పీచు మూట ఒకటి పెట్టింది. విప్పి సూస్తే లోపల ఏందో వేర్లు ఉండాయి. ఎండిపోయినట్టుండాయి. కూరకు పనికొచ్చేటివి మాత్రం కాదు. పారేయమంటావా?"

నేను పైపు కట్టేశాను.

"ఆగు బిడ్డా, పారెయ్యకు. సాయంత్రం నేనే మళ్ల చేస్త" అని ఫోన్ పెట్టేశాను. వెంటనే చెప్పలేకపోయాను. ఆ మూట సంగతి చెప్పాలంటే ఆపా సంగతి చెప్పాలి. అది బస్సు పక్కన నిలబడి రెండు ముక్కల్లో తేల్చేసేది కాదు.

సోహార్‌కు రాకముందు సీబ్‌లో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక విల్లాలో నేను డ్రైవర్‌ని, ఆమె వంటమనిషి. వంటమనిషి అని వీసా మీద రాసి ఉండేది, అంతే. ఆ ఇంట్లో పెత్తనమంతా ఆమెదే. నేను నిర్మల్ వైపు వాణ్ని, ఆమె కడప వైపు మనిషి. నేను బ్యాగు భుజాన వేసుకుని వంటింటి గుమ్మంలో నిలబడిన మొదటి రోజు ఆమె నన్ను కిందినుంచి మీదికి చూసి, "దావ పొడుగునా ఏమీ తినలేదు నువ్వు. కూసో" అంది. నేను విమానంలో పెట్టినవన్నీ తిన్నాను, దిగాక సమోసాలు కూడా తిన్నాను. అయినా ఆ గొంతు విన్నాక నాకు నిజంగానే ఆకలేసింది.

ఆమె పద్ధతే అంత. ఎవరినీ ఏదీ అడిగేది కాదు. జవాబు ముందే తీసుకుని వచ్చేది. "నీకు తలనొప్పిగా ఉండాది, టీ తాగు." "నీకు ఇంటి మీద బెంగగా ఉండాది, పోయి మాట్లాడుకో." సగం సార్లు నాకు తలనొప్పీ ఉండేది కాదు, బెంగా ఉండేది కాదు. టీ తాగాక మాత్రం తల తేలికైనట్టు ఉండేది. కాదని వాదించి గెలిచినవాణ్ని నేను చూడలేదు.

ఏ వస్తువునైనా ఆమె అరచేతి వెనకభాగంతో ముట్టుకుని చూసేది. పిల్లల నుదుటి మీద జ్వరం చూసినట్టు. బియ్యం బస్తా, ఏసీ పెట్టె, పాలగిన్నె, నా కారు బానెట్, అన్నిటికీ అదే పరీక్ష. ఒకసారి బానెట్ మీద చెయ్యి పెట్టి, "దీనికి జ్వరం ఉండాది, నీళ్లు సూడు" అంది. చూస్తే రేడియేటర్‌లో నిజంగానే నీళ్లు తగ్గాయి. ఆ ఒక్క సంగతిని ఏళ్ల తరబడి ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ చెప్పింది. అదే పరీక్షలో తప్పిపోయిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. అవి ఆమెకు గుర్తుండేవి కాదు, నేను గుర్తు చేసినా "నక్కో, అట్లేం జరగలేదు" అని కొట్టిపారేసేది.

ఇంకో మాట ఉంది ఆమెకు. "అయితాది." పప్పు ఉడకకపోయినా, మస్కట్ రోడ్డు మీద ట్రాఫిక్ జాం అయినా, పాస్‌పోర్ట్ రెన్యువల్ ఆగిపోయినా ఆ ఒక్క మాటే. ఓదార్పుగా అనేది కాదు. గ్యాస్ సిలిండర్ వస్తుందని చెప్పినంత మామూలుగా అనేది.

ఒమాన్ ఇళ్లలో పనివాళ్లు ఇంటి పెద్దావిడను మామా అంటారు. మా మామా విధవరాలు, ముసలామె, మంచి మనసు, మొండి మనిషి. ఆమెకూ ఆపాకూ మధ్య ఒక భాష తయారైంది. అరబ్బీ మాటలు, తెలుగు తోకలు. "మామా, షాయ్ బారిద్ అయితాండాది, తాగు." అంటే టీ చల్లారిపోతోందని. మామా కూడా అదే భాషలో జవాబిచ్చేది. కొడుకులకు అర్థమయ్యేది కాదు. నాకు ఒక నెలలో వచ్చేసింది.

మామా పెళ్లయిన కొత్తలో భర్తతో పాటు ఒక చలిదేశంలో ఉంది. ఆయన చదువుకుంటున్నాడు. పొద్దున పోతే పొద్దు గూకాకే వచ్చేవాడు. ఈమెకు అక్కడి భాష రాదు, వాన ఆగదు, మాట్లాడేందుకు మనిషి లేదు. ఒకరోజు ఈమె ఏడుస్తుంటే చూసి, ఆయన పక్కింటివాళ్లను అడిగి ఒక మొక్క తవ్వి తెచ్చి వంటింటి కిటికీ కింద పాతాడట. ఎండ అన్నది పడని మూల అది. ఆ మూలలోనే ఆ మొక్క చేమాకంత వెడల్పు ఆకులు వేసింది. తమలపాకు మెరుపు, మీద కాడ నుంచి కొన దాకా లోతైన గీతలు. వాన పడితే నీళ్లు ఆ గీతల వెంట జారేవి. అది చూస్తూ గిన్నెలు కడుక్కునేదాన్ని, ఏడుపు ఆగేది అని మామా చెప్పేది. ఆ మొక్క పేరు హోస్టా. ఆపా మాత్రం ఎప్పుడూ "మామా ఆకు" అనే అంది.

మామాకు చూపు పోతోంది. మస్కట్‌లో కంటి ఆసుపత్రికి నేనే తీసుకెళ్లేవాణ్ని. ఒక కన్ను అప్పటికే పోయింది. రెండో కన్ను మెల్లగా పోతుందని, పోయింది తిరిగి రాదని డాక్టరు చెప్పాడు. ఆ రోజు ఇల్లు చేరాక మామా ఆపాతో, "నేను ఆ ఆకును మళ్లీ ఒకసారి చూడాలి" అంది. విదేశంలో చదువుతున్న మనవరాలికి ఆ కబురు పోయింది. ఆ పిల్ల సెలవులకు వస్తూ నాలుగు వేర్ల ముద్దలు పట్టుకొచ్చింది.

"అయితాది" అంది ఆపా.

ఒమాన్‌లో దేనికైనా కొరత ఉండొచ్చు గానీ ఎండకు లేదు. ఆ మొక్కకు కావలసింది నీడ. ఆపా రెండు రోజులు వంట మధ్యలో అటూ ఇటూ తిరుగుతూ, చెయ్యి చాచి నిలబడుతూ ఇల్లంతా కొలిచింది. చివరికి వంటింటి వెనక గోడకూ ప్రహరీకీ మధ్య సందు ఖాయం చేసింది. ఉత్తరం వైపు, ఎండ తొంగి చూడని చోటు. ఏసీ నీళ్ల గొట్టం చుక్కచుక్కగా కారేది కూడా అక్కడే. అక్కడున్న గ్యాస్ సిలిండర్లు, చీపుళ్లు, విరిగిన కుర్చీలు అన్నీ నా గది ముందుకు వచ్చి పడ్డాయి. "నీకు స్థలం చానా ఉండాది" అంది. నా గదిలో మంచం దిగితే తలుపే.

ఆ వసంతంలో ఆకులు వచ్చాయి. మా ఇద్దరికీ పండగ. మామా ఆపా భుజం పట్టుకుని సందులోకి వచ్చింది, వంగి కళ్లు చికిలించి చూసింది. "పచ్చగా ఏదో ఉంది" అంది. ముట్టుకుని, "చిన్నవి. నా రెండు అరచేతులంత ఉంటేనే నాకు కనిపిస్తాయి" అంది.

"వచ్చే ఏడాదికి అయితాది" అని ఆపా మాటిచ్చింది.

ఆ వేసవి ఆ తొట్లను ఎట్లా కాపాడిందో నేను కళ్లారా చూశాను. తడి గోనెపట్టాలు, ఈత మట్టల తడిక, గోడకు వేడి తగలకుండా మధ్యలో నిలబెట్టిన పాత పరుపు. పక్కింటి మేకలు ఒకసారి ఆ ఆకు రుచి మరిగితే, వాటిని మసీదు దాకా తరిమి వచ్చింది. మొక్కలు వేసవి దాటేశాయి. అసలు దెబ్బ తగిలింది చలికాలంలో, అది కూడా ఆమె ప్రేమ వల్లే.

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకు చలికాలమే సాగు కాలం. వేడి తగ్గిందంటే చాలు, గోంగూర, కొత్తిమీర, చిక్కుడు, టమాటా, ఎవరికి ఎంత జాగా ఉంటే అంత వేస్తారు. ఘాలాలో కూలీలుండే క్యాంపుల్లో కూడా నూనె డబ్బాల్లో మెంతికూర కనిపిస్తుంది. మొక్కకు మంచి రోజులంటే చలిరోజులే అని మా అందరి లెక్క. ఆపా కూడా అదే లెక్కలో మామా ఆకుకు ఆ చలికాలమంతా మేక ఎరువు వేసింది, చేపలు కడిగిన నీళ్లు పోసింది. ఎండు ఆకు కనిపిస్తే కంగారుపడి ఇంకో చెంబు పోసింది. ఆ మొక్క పాపం నిద్రపోదామంటే నిద్రపోనివ్వలేదు.

వసంతానికి బొటనవేలంత ఆకులు వచ్చాయి. మామా వంగి వెతికి, వేలితో తడిమి, లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు ఆపా అన్నంలో ఉప్పు వేయడం మరిచిపోయింది. నేను చెప్పలేదు, మామా చెప్పలేదు. అందరం అట్లాగే తిన్నాం.

తర్వాత ఆసుపత్రికి వెళ్తే డాక్టరు, ఈ కాస్త చూపు ఇంకో ఏడాది నిలబడితే అదృష్టమే అన్నాడు. ఆ మాట నేను వంటింట్లో ఆపాకు చెప్పాను. ఆమె ఉల్లిపాయ తరుగుతూనే విన్నది.

"అట్లయితే ఈ తూరి తప్పేదానికి లేదు" అంది.

మనవరాలితో వీడియో కాల్‌లో మాట్లాడించమంది. ఆ పిల్ల అరబ్బీలో చెప్పింది, మామా విని తమ భాషలో ఆపాకు చెప్పింది. అక్కడ చలికాలంలో నేల గడ్డకడుతుంది, ఆకులన్నీ రాలి మొక్క చచ్చిపోయినట్టు మాయమైపోతుంది, నెలల తరబడి మంచు కింద పడుకుని లేస్తేనే దానికి బలం అని. ఆపా నోరు తెరుచుకుని విన్నది.

"యా అల్లా! నిద్ర లేకుండా డ్యూటీ చేపిచ్చినాం దాంతో" అంది నావైపు తిరిగి. "మనకు రెండేండ్లకోసారి ఛుట్టీ. దీనికి ఏడాదికోసారి ఇయ్యాల."

"ఛుట్టీకి యాడికి పంపుతవ్ ఆపా? ఈడ మంచు యాడున్నది?" అన్నాను నేను నవ్వుతూ.

ఆమె నాలుగడుగులు వేసి స్టోరు గదిలో ఉన్న రెండో ఫ్రిజ్ మీద అరచేతి వెనకభాగం పెట్టింది. పెట్టి, తల ఆడించింది.

ఆ ఏడు వేడి తగ్గగానే ఆమె ఆ తొట్లకు నీళ్లు ఆపేసింది. ఏసీ గొట్టాన్ని పక్కకు తిప్పేసింది. ఇది ఆమెకు ఎంత కష్టమైందో చెప్పలేను. దాహంగా ఉన్న ప్రాణిని చూస్తూ ఊరుకోవడం ఆమె ఒంట్లో లేదు. ఆ సందు గుండా పోవలసి వచ్చినప్పుడల్లా దుపట్టా లాగి చెంపకు అడ్డం పెట్టుకుని నడిచేది, ఆ ఆకులు తనను చూసి నీళ్లు అడుగుతాయన్నట్టు. ఆకులు పసుపెక్కి వాలిపోయాక వేర్లు తవ్వి, కడిగి, కొబ్బరి పీచులో చుట్టి, గుడ్డలో మూట కట్టి ఫ్రిజ్ కింది డబ్బాలో పెట్టింది. మంచు పడే దేశం మొక్క కదా అని ఒకదాన్ని మాత్రం పైన డీప్ ఫ్రిజ్‌లో పెట్టింది. కొన్నాళ్లకు తీసి చూస్తే అది నీరుగారి ముద్దయిపోయి ఉంది.

"దానికి చలికాలం ఎక్కువైంది" అంది. అంతే. తప్పు చలికాలానిదే తప్ప ఆపాది కాదు.

ఒక శుక్రవారం మామా పెద్ద కొడుకు భోజనానికి వచ్చాడు. పెద్ద ఉద్యోగం, మడమల దాకా తెల్లని దిష్‌దాషా, ఇల్లంతా మెరవాలనే మనిషి. మజ్జిగ సీసా కోసం ఆ ఫ్రిజ్ తెరిచాడు. మజ్జిగ పై అరలో ఉంది, ఆయన మాత్రం కింది డబ్బా లాగాడు. మరుక్షణం కేకలు.

"చేపలు పెట్టే ఫ్రిజ్‌లో మట్టి వేర్లేంటి? ఎవరు పెట్టారు?" ఆయనకు హిందీ బాగా వచ్చు, కోపం వస్తే ఇంకా బాగా వచ్చు.

ఆపా వచ్చి నడుముతో ఆ డబ్బాను లోపలికి నెట్టేసి, దానికి ఆనుకుని నిలబడింది. తర్వాత ఆమె హిందీలో చెప్పింది గానీ, నా చెవికి అది కడప తెలుగులోనే వినబడింది. "బాబా, కావల్లంటే చేపలు తీసేస్తా. అది తీయను."

"ఎండిపోయిన వేర్లవి. చచ్చిపోయాయి. పారెయ్."

"సావలేదు. ఛుట్టీలో ఉండాయి."

ఆయన నావైపు చూశాడు. ఈమెకు మతి పోయిందా అని ఆయన చూపు. నేను కారు కీల వైపు చూసుకున్నాను. ఉద్యోగం నాదీ పోయేలా ఉంది. అప్పుడు గోడ పట్టుకుని మామా వచ్చింది. గుమ్మంలో నిలబడి కొడుకును అడిగింది.

"ఈ ఫ్రిజ్ కొన్నదెవరు?"

"నాన్న."

"మీ నాన్న బతికుంటే ఆ డబ్బాలో నిన్ను వేలు కూడా పెట్టనిచ్చేవాడు కాదు. అది ఆయన నాకు పెట్టిన మొక్క."

పెద్ద కొడుకు మజ్జిగ తీసుకుని, తాగి, సీసా తనే కడిగి పెట్టి వెళ్లిపోయాడు. ఆ తర్వాత వచ్చినప్పుడల్లా, "మీ పేషెంట్ ఎలా ఉంది?" అని అడిగేవాడు. "పేషెంట్ కాదు బాబా, ఛుట్టీ" అని ఆపా ప్రతిసారీ సరిదిద్దేది. చేపలు ఆ ఫ్రిజ్‌లోంచి ఖాళీ అయ్యాయి. ఏ రోజు చేపలు ఆ రోజే సీబ్ మార్కెట్ నుంచి తేవలసి వచ్చింది. అందుకని ఆ చలికాలంలో తాజా చేపలు తిని అందరికంటే బాగుపడింది నేనే.

చలి వెనకపట్టగానే ఆమె మూటలు విప్పి తొట్లలో పెట్టింది. రోజూ పొద్దున మట్టి మీద అరచేతి వెనకభాగం ఆనించి చూసేది. ఒక రోజు నేను కారు తుడుస్తుంటే వెనకనుంచి కేక.

"రా అబ్బీ! డ్యూటీకొచ్చినాయి!"

పరుగెత్తాను. మట్టి చీల్చుకుని ఎర్రటి మొనలు, చుట్టిన బీడీల్లా నిటారుగా. ఈసారి అవి ఆగలేదు. వారాలు గడిచేకొద్దీ ఒక్కో చుట్ట విప్పుకుని, చూస్తుండగానే చెయ్యంత అయింది, ఆ తర్వాత రెండు చేతులంత అయింది. ఆపా పొద్దునొకసారి సాయంత్రమొకసారి తన రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి కొలిచేది. చాలిన రోజున తల దువ్వుకుని, ఉతికిన దుపట్టా వేసుకుని, మామాను తీసుకొచ్చింది.

మామా వంగింది. ఇంకా వంగింది. ముఖం దాదాపు ఆకుకు తగిలింది.

"ఆపా, ఆకు ఎక్కడ?" అంది.

ఈ ఏడాదిలో మామా చూపు ఇంకా తగ్గింది. మంచి వెలుతురు ఉంటే తప్ప ఆమెకు ఏదీ కనబడదు. ఆ సందులో వెలుతురు లేదు. వెలుతురు లేని చోటు కాబట్టే ఆ మొక్క బతికింది. రెండేళ్లుగా ఎండ తగలకుండా ఇంత కాపాడి, చివరికి ఆ నీడే అడ్డమైంది.

ఆపా ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అన్నిటికంటే బాగా ఆకు ఎదిగిన తొట్టి అంచు పట్టుకుంది.

"అబ్బీ, ఆ పక్క పట్టు. ముందర వాకిట్లోకి."

"ఎండల పెడితె కాలిపోతది ఆపా! ఇంత కష్టపడి..."

"ఆకు కాలితే మళ్ళా వస్తాది. ఆమె సూపు మళ్ళా వస్తాదా? పట్టు."

పట్టాను. ముందు వాకిట్లో పొద్దుటి ఎండ అప్పుడే పడుతోంది. తొట్టిని స్టూలు మీద పెట్టాం. ఆపా మామా కుర్చీని అటూ ఇటూ జరిపి, సూర్యుడు సరిగ్గా ఆకు వెనక ఉండేలా కూర్చోబెట్టింది. వెలుతురు ఆకు లోపలి నుంచి వచ్చింది. ఆకంతా వెలిగింది. ప్రతి గీతా విడివిడిగా కనిపించింది.

మామా కదలలేదు. తర్వాత మెల్లగా చెయ్యెత్తి, ఆకును ముట్టుకోకుండా, గాలిలోనే ఆ గీతల వెంట వేలు నడిపింది. కాడ నుంచి కొనకు, మళ్లీ కాడ నుంచి కొనకు. వేలు ఒక్కసారి కూడా గీత తప్పలేదు. ఆమెకు కనిపిస్తోంది.

"ఇదే. ఇదే" అంది.

ఆపా ఏసీ నీళ్లు చెంబుతో తెచ్చి ఆకు మీద కొంచెం కొంచెంగా వదిలింది. నీళ్లు ఆ గీతల వెంట జారాయి. మామా ఏడ్చింది, నవ్వింది. ఆ కిటికీ గురించి, భర్త చేతులకు అంటిన బురద గురించి, తను చేసిన మొదటి మాడిపోయిన కూర గురించి చెప్పుకుంటూ పోయింది. ఎండ పైకి వచ్చింది. ఆకు అంచులు వాడిపోవడం నాకు కనిపిస్తూనే ఉంది. తొట్టి లోపలికి తీద్దామని లేచాను. ఆపా నా మణికట్టు పట్టుకుంది.

"సూడనీ."

ఆమె ఆకు వైపు చూడటం లేదు. మామానే చూస్తోంది. నేను కూర్చున్నాను. మామా అలసిపోయి తనంతట తాను కళ్లు మూసుకునేదాకా ఎవరం కదలలేదు. సాయంత్రానికి ఆ పెద్దాకు అంచులన్నీ కాల్చిన అప్పడంలా అయిపోయాయి. ఆ రోజు ఆపా నడక చూడాలి. వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వాకిట్లోకి, పని ఉన్నా లేకున్నా, రొమ్ము విరుచుకుని తిరిగింది. "నేను సెప్పలే? అయితాది అని సెప్పలే?" అని నాతో, గోడలతో, నా కారుతో. నాకు ఆమె మీద అంత గర్వం ఎప్పుడూ కలగలేదు.

మరుసటి ఏటికి మామాకు చూపు పూర్తిగా పోయింది. ఆకులు వచ్చాయి, ఆమె చేతులతో తడిమి చూసుకుంది. ఇంక ఎండలోకి తెమ్మని అడగలేదు. చూసేశానుగా అంది. ఆ తర్వాతి ఏడు మామా పోయింది. కొడుకులు విల్లా అద్దెకిచ్చారు. ఆపా వీసా క్యాన్సిల్ చేసుకుని ఇంటికి బయలుదేరింది, నేను సోహార్ కంపెనీలో బస్సుకు కుదిరాను. వెళ్లేముందు ఆమె వేర్ల ముద్దను పీటమీద పెట్టి కంద కోసినట్టు రెండుగా కోసింది. ఒకటి తను ఖర్జూరం డబ్బా అడుగున సర్దుకుంది. రెండోది నా చేతిలో పెట్టింది.

"నాకెందుకు ఆపా? క్యాంపుల యాడ పెట్టుకోవాలె?"

"మీ రూమ్‌లో ఫ్రిజ్ ఉండాది" అంది. అడగలేదు. ఉందని చెప్పింది. ఉంది కూడా.

మా రూమ్మేట్ ఒకడు దాన్ని అల్లం అనుకుని చాయ్‌లోకి దంచబోయాడు, అప్పటినుంచి నేను డబ్బాకు గుడ్డ కట్టి పెడతాను. కడప ఎండల్లో కూడా ఆమె దాన్ని బతికించింది. అసలు సీబ్ కంటే తన దగ్గరే బాగా వచ్చిందని గొప్పలు పోయేది, వీడియోలు పంపేది. ఏడాదికి మా మధ్య రెండే ఫోన్లు. చలి మొదలవగానే ఒకటి. "పెట్టినా" అనేది. చలి పోయేటప్పుడు ఇంకొకటి. "తీసినా" అనేది. నేనూ "పెట్టిన", "తీసిన" అనేవాణ్ని. అంతకు మించి మాట్లాడుకోవలసింది ఏమీ ఉండేది కాదు, అన్నీ అందులోనే వచ్చేవి.

ఈ ఏడు "పెట్టినా" ఫోన్ వచ్చింది. గొంతు కాస్త నీరసంగా ఉంది. ఆరోగ్యం ఎట్లుందని అడిగితే, "నాకేం, గట్టిగా ఉండా" అంది. ఆమె చెప్పిన జవాబుల్లో తప్పిపోయినవి ఎన్ని ఉన్నా, నాకు మరపురానిది అదొక్కటే. తీసినా అని చెప్పే మనిషి ఇప్పుడు లేదు. ఆమె పోయిన సంగతి ఆ మూటకు తెలియదు. అక్కడ ఫ్రిజ్‌లో అది ఇంకా పడుకునే ఉంది.

సాయంత్రం మనుషుల్ని క్యాంపులో దింపి, బస్సులోనే కూర్చుని ఆమె కూతురికి ఫోన్ చేశాను.

"బిడ్డా, గది సచ్చిపోలే. ఛుట్టీల ఉన్నది."

"ఎప్పుడొస్తాది డ్యూటీకి?" అంది. అచ్చం ఆపా గొంతు.

"చలి పొయ్యేటప్పుడు. నేను తీసిన దినం నీకు ఫోన్ చేస్త, నువ్వు గూడ తియ్యి. తొట్టిల పెట్టి, నీడకు పెట్టు. ఏసీ నీళ్లు పొయ్యి. దినాం పొద్దుగాల మట్టి మీద చెయ్యి ఎనుకకు తిప్పి ఆనిచ్చి చూడు."

"మా అమ్మీ అట్లే సూసేది."

"అవ్. ఆకు నీ రెండు చేతులంత అయినంక, ఒక్కపాలి పొద్దుటి ఎండల పెట్టు. ఎండ దాని ఎనుక ఉండాలె. ముంగట నువ్వు కూసో."

"ఎండకు కాలిపోదా అంకుల్?"

"కాలనీ బిడ్డా. మళ్ల వస్తది. నువ్వైతే చూడు."

సరే అంది. మూటను మళ్లీ గుడ్డలో చుడుతున్నట్టుంది, ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుంది కాబోలు, మాట దూరమైంది. డబ్బా లోపలికి నెట్టిన శబ్దం వచ్చింది. ఆ తర్వాత ఫ్రిజ్ తలుపు మూసుకున్న చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది.